దేర్ అంటే యాడ?

మునిరత్నం సారు అస్తమించారన్న వార్త నాకు తప్పుడు ఇంగ్లీషులో చేరింది. ఆ ఉదయం తిరుపతిలో మా ఇంట్లో, కళాశాలకు బయలుదేరబోతూ స్కూటరు తాళం కోసం వెతుక్కుంటున్నాను. ఆసుపత్రి నుంచి దామోదరం ఫోన్ చేశాడు. పలమనేరులో ఇంటర్ చదివిన రోజుల్లో నా సహాధ్యాయి, ఇప్పుడు అదే ఊళ్లో పాల వ్యాపారం చేసుకుంటున్నాడు. పక్షవాతం వచ్చిన సారును తిరుపతికి తెచ్చిననాటి నుంచి ఆసుపత్రి వరండాలోనే పడి ఉన్నాడు. నాతో ఎప్పుడు మాట్లాడినా "ఏమ్మే వనజా" అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు తెలుగులో చెప్పడానికి నోరు రాలేదో ఏమో, "వనజా, సార్ ఈజ్ నాట్ దేర్" అన్నాడు.

"దెన్ వేర్?" అన్నాను నేను.

ఏమన్నానో అనేశాక తెలిసింది. అవతల దామోదరం భోరుమన్నాడు. నాకు ఏడుపు రాలేదు. తాళం చేతిలోనే ఉంది, నేను మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

మృత్యువార్తకు బదులుగా నా నోట వచ్చిన ఆ మాట నాది కాదు, సారు పెట్టిన భిక్ష. తెలుగువాడు 'లేదు' అనే మాటను ఇంగ్లీషు చేయబోతే ముందుగా నాలుక మీదికి వచ్చేది 'నాట్ దేర్'. సుద్దముక్క లేదు అంటే చాక్‌పీస్ ఈజ్ నాట్ దేర్. కరెంటు లేదు అంటే కరెంట్ ఈజ్ నాట్ దేర్. సారు దృష్టిలో ఇది క్షమార్హం కాని అపరాధం. "దేర్ అంటే ఆడ. ఆడ లేదంటే ఇంగో చోట ఉన్నట్టే గదప్పా! ఆ చోటేదో చెప్పు" అనేవారు. ఆయన తరగతిలో ఎవరి నోట 'నాట్ దేర్' వెలువడినా మిగిలినవాళ్లందరూ ఏకకంఠంతో "దెన్ వేర్?" అని అరవాలి. అది ఆయన శాసనం. పక్క తరగతివాళ్లు ఉలిక్కిపడేవారు. ఆ రెండేళ్ల అరుపు నా రక్తంలో ఎంతగా ఇంకిపోయిందంటే, నేను ఇంగ్లీషు అధ్యాపకురాలినై ఇన్నేళ్లయినా ఎవరు 'నాట్ దేర్' అన్నా నా ప్రమేయం లేకుండానే ఆ ప్రశ్న బయటికి వస్తుంది. అది ఒకనాడు సారు గురించే అడగవలసి వస్తుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

పూర్వ విద్యార్థులు సంస్మరణ సంచిక వేస్తున్నారు, "నువ్వే రాయాల" అని దామోదరం పట్టుబట్టాడు. రాయడానికి కూర్చుంటాను, లేస్తాను. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోందని వెళ్లి బిగిస్తాను, ఉక్కపోస్తోందని మళ్లీ తెరుస్తాను. 'నిరాడంబరులు, నిగర్వి' అని రెండు వాక్యాలు రాశాను. సారు చూస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఆయన నిగర్వి ఏమీ కాదు. తన ఇంగ్లీషు గురించి మహా గర్వం. కోపిష్ఠి కూడా. ఇవి దాచి రాస్తే ఆయన బొమ్మ రాదు, ఇంకెవరి బొమ్మో వస్తుంది.

టమోటా, మల్బరీ పండించే ఇంట పుట్టి, ఆ ఇంట్లో మొట్టమొదట పట్టా పుచ్చుకున్న మనిషి మునిరత్నం సారు. ఉద్యోగమంతా పలమనేరు కళాశాలలోనే గడిచింది. చిత్తూరుకో తిరుపతికో బదిలీ చేయించుకోమని ఎవరన్నా సలహా చెబితే, "ఆడ ఎండలప్పా" అనేవారు. పలమనేరు చలికి అలవాటు పడ్డ ఒళ్లు. మధ్యాహ్నం దాకా మెడకు మఫ్లరు ఉండవలసిందే. తరగతిలో కుర్చీ మీద ఆయన కూర్చోగా నేను చూడలేదు. ఆ కుర్చీ ఆయన గొడుగుది. ఆయన మాత్రం బల్లల మధ్య కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతూ, సుద్దతో తెల్లబడ్డ చూపుడువేలు ఎవరి మీదికో చాచి "వేర్?" అనేవారు. ఆ వేలు తన వైపు తిరగకూడదని అందరం తల వంచుకునేవాళ్లం.

మొదటి రోజు ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ నా పిల్లలకు నేను అలాగే చెబుతాను. "హియర్ అంటే అరికాలు. నువ్వు నిలబడిన చోటు. దేర్ అంటే వేలు. నీ వేలు పోయి నిలిచే చోటు. వేలు పెట్టి చూపించలేని దానికి దేర్ అనొద్దు." ఇంతటి సులభమైన వ్యాకరణం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. అయితే ఆ వయసులో నాకు నోరెక్కువ. లేచి నిలబడి, "సార్, దేర్ ఈజ్ ఎ గాడ్ అంటారు గదా, వేలు యాడ పెట్టాల?" అన్నాను. తరగతి గొల్లుమంది. సారు కోప్పడతారనుకున్నాను. ఆయన నడక ఆపి, "బ్రహ్మోత్సవాలు చూసినావా పాపా?" అన్నారు.

"చూసినాను సార్."

"మాడవీధుల్లో వాహనం మీద ఊరేగేది ఎవరు?"

"ఉత్సవమూర్తి సార్."

"మూలవిరాట్టు?"

"లోపలే ఉంటాడు సార్."

"అంతే. ఈ వాక్యంలో దేర్ అనేది ఉత్సవమూర్తి. ముందర నడుస్తాది, జనం దాన్నే చూస్తారు. అసలు కర్త లోపలుండాడు. ఈ దేర్‌కు వేలు పెట్టద్దు, దండం పెట్టి వెనకుండే కర్తను చూడు." ఆ తర్వాత ఎం.ఏ.లో ఇదే సంగతిని పెద్ద పెద్ద పారిభాషిక పదాలతో చెప్పారు. పరీక్షలో అవి రాశాను గానీ, రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందు గరుడవాహనమే కదిలింది.

దామోదరానిది ఇంకో తరహా చదువు. వాళ్లింట్లో పాడి ఎనుములు ఉండేవి, సాయంత్రం పాలు పితికే వేళకు ఇంట్లో ఉండాలి. ఆఖరి పీరియడ్‌లో లేచి, "సార్, ఐ యామ్ కమింగ్" అని చెప్పి బయటికి నడిచేవాడు.

"రేయ్, వస్తా ఉండావా, పోతా ఉండావా?" అని అడిగారు సారు.

"పోతా ఉండా సార్."

"మరి గోయింగ్ అను."

"పోతా అనగూడదు సార్. పోయొస్తా అనాల. మాయవ్వ ఇంటే తిడతాది."

సారు వాదించలేదు. దామోదరం వెళ్లిపోయాక మావైపు తిరిగి, "వాళ్లవ్వ చెప్పిందే కరెక్టు. ఇంగ్లీషోడు పోతా అంటే పోతాడు, అంతే. మనోడు వాకిలి దాటకముందే తిరిగొచ్చే మాట ఇచ్చి పోతాడు" అన్నారు. ఇంగ్లీషు పట్ల అంత మమకారమున్న మనిషి, తెలుగు గెలిచిన చోట ఆ గెలుపు ఒప్పుకోవడానికి సంకోచించేవారు కాదు.

చోటు మారితే మాట అర్థం మారుతుందనడానికి ఆయన చెప్పే ఉదాహరణ ఒకటుంది. కోస్తా నుంచి కొత్తగా తిరుపతికి వచ్చిన ఒక అధ్యాపకుడు తన ప్రిన్సిపాల్ ఇంటికి ఫోన్ చేశాడట. పనివాడు ఎత్తి, "అయ్యగారు పైకి పోయినారు సార్" అన్నాడు. ఈయన హడలిపోయి పూలదండ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. ప్రిన్సిపాల్ గుండుతో, లడ్డూతో కొండ దిగి ఎదురొచ్చాడు. "తిరుపతిలో పైకి అంటే కొండ. ఇంగో ఊళ్లో పైకి అంటే ఇంగ రాడని. మాట అదే. వినేవాడు యాడ నిలబడినాడో చూసుకుని చెప్పాల" అనేవారు సారు. ఈ కథ నిజమో, పాఠం కోసం ఆయనే అల్లారో నేను అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది.

ఇంకో పాఠం. ఒక అవ్వ, మనవడు ఉన్న చిన్న కథ. మనవడి బొమ్మ విరుగుతుంది, వాడు ఏడుస్తాడు, అవ్వ వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని 'దేర్, దేర్' అంటుంది. ఆ మాట చదవగానే దామోదరం లాటరీ తగిలినవాడిలా లేచాడు. "సార్, ఈడ రెండు దేర్లు ఉండాయి. వేలు యాడ పెట్టాల?"

సారు పుస్తకం మూశారు. "ఈ దేర్‌కు వేలు లేదప్పా, అరచెయ్యి ఉండాది" అంటూ వచ్చి వాడి భుజం మీద మెల్లగా తట్టారు. "దేర్, దేర్. ఇది చోటు చెప్పే మాట గాదు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టే మాట. మనమేమంటాం? ఏం లేదు, ఏం లేదు అంటాం. వాళ్లు ఉండాది, ఉండాది అన్నట్టు చెప్తారు. మనం లేదు, లేదంటాం. రెండూ అబద్ధమే. అయినా బిడ్డ ఊరుకుంటాది." మరునాడు దామోదరం కుంటుతూ వచ్చాడు. పితికేటప్పుడు బెదిరిన ఎనుముకు 'దేర్, దేర్' చెప్పి చూశాడట. అది తన్నింది. "దానికి తెలుగులో చెప్పల్సింది రా" అని సారు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. మేమందరం ఎనుమును జ్ఞాపకం పెట్టుకున్నాం, పాఠం మరిచిపోయాం.

నన్ను తిరుపతికి పంపించింది ఆయనే. ఆడపిల్లను అంత దూరం హాస్టల్లో పెట్టి చదివించేది లేదని మా నాయన భీష్మించుకున్నాడు. సారు మూడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, పెట్టిన కాఫీ తాగకుండా, చెప్పిన చోట కూర్చోకుండా, ఇంటి పంచలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడారు. ఆఖరికి ఆ తిరుగుడు భరించలేకనే మా నాయన ఒప్పుకున్నాడని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. బస్టాండుకు కూడా వచ్చారు. నేను కిటికీ దగ్గర కూర్చుని, తెలియని ఊరి భయంతో బొట్టు బొట్టుగా ఏడుస్తున్నాను. సారు బస్సు కదలబోతుండగా కిటికీ ఊచ పట్టుకుని, "పాపా, డోంట్ వర్రీ. ఐ యామ్ దేర్" అన్నారు.

'నేనుండా గదా' అనే మన మాటకు తప్పుడు ఇంగ్లీషు! సాక్షాత్తూ మునిరత్నం సారు నోట! ఏడుస్తూనే నవ్వొచ్చి, "యాడ సార్?" అన్నాను.

"బస్సు పోతా ఉండాది, లోపలికి జరుగు" అని కసురుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడటం నేను చూశాను. ఆయన చేసిన ఆ ఒక్క తప్పును నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే నాకు అంతటి దన్ను ఏ ఒప్పయిన వాక్యమూ ఇవ్వలేదు.

ఇంతటి మాటకారి నోటిని విధి ఎలా మూసిందో రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. స్నానం చేసి వచ్చి మఫ్లరు చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఒరిగిపోయారట. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తిరుపతి ఆసుపత్రిలో, ఒకరి తర్వాత ఒకరినే లోపలికి పంపే గదిలో పెట్టారు. ఆయన భార్య దేవకమ్మగారు లోపల ఉంటే మేము బయట, మేము వెళితే ఆవిడ బయట. నేను కళాశాల అవగానే పరుగెత్తుకు వెళ్లేదాన్ని. దుప్పటి సర్దేదాన్ని, సర్దిన దుప్పటి మళ్లీ తీసేదాన్ని, నర్సును పిలిచి విసిగించేదాన్ని. "సార్, ఏం కావాల సార్?" అని అడిగితే నోరు మెదపకుండా, తప్పు జవాబు రాసిన పిల్లను చూసినట్టు చూసేవారు. ఆ చూపు మాత్రం ఏమీ మారలేదు.

అయితే దేవకమ్మగారి దగ్గర ఆయన ఒక మాట అన్నారు. ఒక్కటే మాట. 'దేర్'. తెలుగంతా తుడిచిపెట్టుకుపోయి, చదువంతా పోయి, ఆ ఒక్క శబ్దం మిగిలింది. అది చెబుతూ ఎడమ చెయ్యి ఎత్తేవారట. ఈ సంగతి ఆవిడ బయటికి వచ్చి చెప్పగానే మా అందరికీ కాళ్లు నిలవలేదు. సారు దేర్ అన్నారంటే ఒక చోటు ఉండి తీరాలి! వేలు పెట్టి చూపించలేని దానికి ఆ మాట వాడరు గదా! మంచానికి ఎదురుగా ఉన్న కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, కొండకు పోవాలంటున్నారని దేవకమ్మగారు. పలమనేరు ఇంటికి తీసుకుపొమ్మంటున్నారని కూతురు హేమ. కళాశాల చూడాలనుకుంటున్నారని దామోదరం. డాక్టరును అడిగితే, ఈ స్థితిలో ఎక్కడికీ కదపడానికి లేదన్నాడు. ఆ మాట ఏ చోటుదో తేలకుండానే సారు వెళ్లిపోయారు.

దినకర్మ నాడు పలమనేరు వెళ్లాను. భోజనాల దగ్గర బంధువులు ఆ ఆఖరి మాట మీద పంచాయితీ పెట్టారు. పొలం దగ్గర సమాధి కట్టమన్నాడని ఒకరు, కాదు కొండ మొక్కు తీర్చమన్నాడని ఇంకొకరు. "కొండకే అయితే ఇంగ ఏడాది దాకా పోయేదానికి లేదు, మైల ఇల్లు" అని ఒక పెద్దాయన పెదవి విరిచాడు. నేను అన్నం సగంలో వదిలేసి లేచాను.

దేవకమ్మగారు వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే పక్కన కూర్చోమని చాప తట్టారు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. కళ్లు పొడిగా ఉన్నాయి, నిద్రలేని కళ్లు.

"నువ్వు ఇంగిలీసు సదివినావు గదా పాపా. సెప్పు. దేర్ అంటే యాడ?"

నేను చాప మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడే చెప్పుకుపోయారు. "ఇన్నేండ్ల కాపరంలో ఆయన నాతో ఒగ ఇంగిలీసు మాట మాట్లాడింది లేదు. నాకు రాదని తెల్సు. అట్లాంటోడు పొయ్యేటప్పుడు నాకు రాని మాటలో అడిగి పోయినాడే! హేమను అడగలా, దామోదరాన్ని అడగలా, నిన్ను అడగలా. నన్నే. నేను వచ్చి కూసుంటేనే అనేది. నేను కాఫీకని బయటికి పోతే గమ్మునుండేది. మళ్లా నేను పోయి, ఆయన మూతి వంకరపోయింది సూసి ఓర్సుకోలేక ఏడిస్తే, మళ్లా దేరు దేరు. ఎంత ఏడిస్తే అంత అనేది. ఆశపడి అడిగినాడు పాపా. నేను తీసకపోలేదు. అన్నం మింగుడు పడ్లే నాకు."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మళ్లీ కూర్చున్నాను. "అమ్మా, ఎన్ని సార్లు అనేవారు? ఒకసారా, వెంటవెంటనే రెండుసార్లా?"

"రెండు సార్లు. ఎప్పుడు అన్నా రెండేసి."

"చెయ్యి ఎట్ల ఎత్తినారు? వేలు చూపించినారా?"

"వేలు యాడిది? ఇట్ల." దేవకమ్మగారు తన అరచెయ్యి నా మణికట్టు మీద పెట్టి, రవంత ఎత్తి దించారు. మళ్లీ ఎత్తి దించారు. "ఇట్ల ఎత్తి, ఆ కొండ పక్క పెట్టేదానికి సత్తువ లేక నా సేతి మీదనే పడేసేది."

అంతవరకు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఎనుము తన్నిన కథకు నవ్విన నవ్వులూ, విరిగిన బొమ్మా, 'ఈ దేర్‌కు వేలు లేదప్పా' అన్న మాటా అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆయన శిష్యులమనే అహంకారంతో ఆ మాటకు చోటు వెతుకుతూ ఊరంతా తిరిగాం. మాకు నేర్పిన దాంట్లో సగమే పట్టుకుని ఆయననే తప్పుగా చదివాం.

"అమ్మా, ఆయన ఏమీ అడగలేదమ్మా" అన్నాను. "యాడికీ తీసుకుపొమ్మనలేదు. ఆ మాట రెండుసార్లు కలిపి అంటే చోటు కాదు. ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టే మాట. మనం ఏం లేదు, ఏం లేదు అంటాం చూడు, అది. నువ్వు ఏడుస్తా ఉంటే ఓదార్చినారు. మన మాట నోటికి రాక, దొరికిన మాటతో చెప్పినారు."

ఆవిడ నమ్మడానికి భయపడుతున్నారు. "నా మనసు నిమ్మళం కావాలని సెప్తా ఉండావా పాపా? కాణిపాకంలో స్వామి ముందర నిలబడి ప్రమాణంగా సెప్పమంటే సెప్తావా?"

మా ప్రాంతంలో ఇంతకు మించిన న్యాయస్థానం లేదు. అక్కడ అబద్ధం చెప్పినవాడు సుఖపడడని నమ్మకం. ఒక్క క్షణం తడబడ్డాను. మెదడులో ఏ నరం తెగి ఏ శబ్దం మిగిలిందో ఎవరికి తెలుసు? వేలు పెట్టి చూపించలేని దానికి ఆ మాట అనొద్దన్నారు గదా సారు. కానీ ఆవిడ అరచెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది.

"చెప్తానమ్మా. రేపే పోదాం పద. నువ్వు బయట నిలబడు, నేను లోపలికి పోయి చెప్పొస్తా."

దేవకమ్మగారు చెయ్యి తీసేశారు. "వద్దులే" అన్నారు. కాసేపటికి, "నేను ఏడిస్తే ఓర్సుకోలేడు ఆయన, పెండ్లయిన కాడినుంచీ అంతే. ఇంటో ఉండలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగేది. ఆడ మంచం మీద తిరిగేదానికి లేక" అంటూ ఆగిపోయారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన పోయాక మొట్టమొదటిసారి గుండెలవిసేలా ఏడ్చారు. ఏడుపు విని హేమ పరుగెత్తుకొచ్చి తల్లి మీద పడి తనూ ఏడవసాగింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మెలిపెట్టుకుంటూ నిలబడ్డాను. అప్పుడు దేవకమ్మగారు, తన ఏడుపు ఆపుకోకుండానే, కూతురి వీపు మీద అరచెయ్యి పెట్టి తడుతూ, "దేరు... దేరు... ఊరుకోమ్మా" అన్నారు.

గుమ్మంలో దామోదరం నిలబడి ఉన్నాడు. 'యాడ' అని వాడు అడగలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక ముద్ద అన్నం తిన్నారు. హేమ చెప్పింది.

నేను తిరుపతికి తిరిగొచ్చి పనిలో పడ్డాననుకుంటున్నాను. మొన్న తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడమ్, మార్కర్ ఈజ్ నాట్ దేర్" అంది. తరగతి అంతా నా వైపు చూసింది, నేను అడగబోయే ప్రశ్న వాళ్లకు కంఠస్థం. నాకు నోరు రాలేదు. "బయట ఎవరినన్నా అడిగి తెచ్చుకోమ్మా" అన్నాను. నేర్పవలసిన చోట నేర్పకుండా వదిలేశాను. సారు ఉంటే ఊరుకునేవారా?

పలమనేరులో ఆయన తర్వాత ఇంగ్లీషు చెప్పేవాళ్లు వచ్చారు, ఇంకా వస్తారు. వాళ్లలో ఎంతో విద్వత్తు ఉండవచ్చు. ఒక క్రియావిశేషణాన్ని పట్టుకుని పిల్లల చేత నేలనూ, దేవుణ్ణీ, అవ్వ చెయ్యినీ చూపించగలిగినవాడు మాకు మళ్లీ దొరకడు. ఉన్నారు, లేరు అనే రెండు తెలుగు మాటల మధ్య ఎంత దూరముందో ఆయన పోయాకే కొలుస్తున్నాను, కొలత తేలడం లేదు.

సార్, ఈ వ్యాసంలో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దేవారు మీరే గనక, అవి ఇక అలాగే ఉండిపోతాయి. నమస్కరించి ముగిద్దామని లేచి మేడ మీదికి వచ్చాను. ఈ ఊళ్లో దండం పెట్టాలంటే ఎటు తిరగాలో పసిబిడ్డకు కూడా తెలుసు, కొండ కనబడుతూనే ఉంటుంది. చేతులు జోడించి ఆ పక్కకు తిరిగాను. కాదనిపించి పలమనేరు దారి వైపు తిరిగాను. అదీ కాదనిపించింది. మా మేడ మీద నడిమధ్య చేతులు జోడించి తిరుగుతూనే ఉన్నాను సార్. యాడ పెట్టాల సార్, దండం?